నల్లకాడ మీద పంటిగాట్లు

"మీరు పైపు తాగరా?" అంది డయానా.

"తాగనండి."

"తాగనివాళ్ళకి నలభై పైపులు దేనికండీ? పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి చూపించడానికా?"

గుణదలలో మా మేడమీద గది. నేను పాత ఇంగ్లీషు పైపులు సేకరిస్తానని ఇన్‌స్టాలో చూసి, ఉయ్యూరు నుంచి బస్సెక్కి వచ్చింది. చేతిరుమాలులో వాళ్ళ తాతయ్య మరియదాసుగారి పైపు. రైల్వేలో ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు ఓ ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఇచ్చాడట.

"ఏ సంవత్సరంలో చేశారో చెబితే చాలు. ఇంకేం చెయ్యొద్దు," అంది.

భూతద్దంలోంచి వెండి కట్టు చూపించాను. లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్‌లో ముద్ర వేసిన వెండి. పక్కనున్న అక్షరాన్ని బట్టి చేసిన సంవత్సరం. ఇద్దరి తలలూ ఒకే దీపం కింద. బయట వాన పట్టుకుంది.

"పుస్తకం చూసి చెప్పాలండి. వారం ఉంచండి," అన్నాను. అబద్ధం. ఆ అక్షరం నాకు చూడగానే తెలిసింది. ఆమె మళ్ళీ రావాలి, అంతే.

ఆ వారంలో పైపు గిన్నెకు, అది చేసిన బ్రయర్ కర్రకు మెరుగు పెట్టాను. నోట్లో పెట్టుకునే నల్లకాడను ఉప్పుకాగితంతో రుద్ది, పంటిగాట్లన్నీ తీసేశాను. వద్దన్న పని ఎందుకు చేశానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె అంత భద్రంగా తెచ్చిన వస్తువు మీద నా చెయ్యి కనబడాలనుకున్నాను.

"1934 అండి!" అని, వారం తర్వాత ఆమె వచ్చినప్పుడు అందించాను.

ఆమె బొటనవేలు కాడ మీద అటూ ఇటూ వెతికింది.

"గాట్లేవండీ?"

"తీసేశాను. కొత్తదానిలా లేదూ?"

"మా నానమ్మకి చూపు లేదండీ. రోజూ అవి తడుముకుని, తర్వాతే ప్రార్థన చేసుకుంటుంది."

గొడుగు మరచిపోయి, వానలోనే దిగి వెళ్ళిపోయింది. తర్వాత మెసేజ్ పెట్టింది. పైపు చేతికివ్వగానే నానమ్మ, "ఇది ఎవరిదే?" అందట.

నెల దాకా ధైర్యం చాలలేదు. చివరికి గొడుగు పట్టుకుని ఉయ్యూరు వెళ్ళాను. డయానా తలుపు తీసి, అలాగే వదిలేసి లోపలికి నడిచింది.

మంచం మీద వాళ్ళ నానమ్మ సంపూర్ణమ్మగారు. "గాట్లు తీసేసింది నేనేనండీ. క్షమించండి," అన్నాను.

ఆమె నా వేళ్ళు తడిమింది. ఉప్పుకాగితానికి గరుకెక్కిన వేళ్ళు. "అరగదీసినవాడివి కదా నాయనా, ఎక్కడెక్కడుండేవో నీకు తెలియాలే."

దిండు పక్కనున్న పైపు తీసుకుని, ఆమె బొటనవేలు కాడ మీద ఆనించాను. "పైన ఇక్కడొకటి, ఇక్కడొకటి. కింద లోతుగా ఒకటి. పైన ఎడంపక్క మాత్రం ఏమీ లేదండీ. ఆయనకి అక్కడ పన్ను లేదేమో."

ఆమె ముఖం మారింది. "మా పెళ్ళయిన ఏడాదే ఊడిందయ్యా. ఆ పక్క చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేవాడు."

ఆ వేలు అక్కడే ఉంచుకుంది.

గుమ్మంలోంచి డయానా అంది: "ఆ రోజు నాకు ఇది చెప్పలేదేం?"

"మీరు సంవత్సరమే అడిగారు కదా... కాదండీ. మీరు నన్ను మెచ్చుకోవాలని తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. మీరంటే ఇష్టం."

డయానా నవ్వలేదు. గొడుగు తీసుకుని మూలన పెట్టింది.

"నానమ్మ దగ్గరే కూర్చోండి," అంది. "మళ్ళీ అడుగుతుంది, ఎక్కడెక్కడని."