నల్లరేగడిలో దిగబడిన జీపు

ఆడసింహం పదడుగుల దూరంలో ఉంది. జీపులో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయడం లేదు. సరిగ్గా అప్పుడే రుక్మిణవ్వ ఒళ్ళోని స్టీలు డబ్బా మూత తీసింది.

టప్‌మని చప్పుడు. వెంటనే కారం బొరుగులు నములుతున్న కరకర.

సింహం తల తిప్పి చూసింది.

"అవ్వా! డబ్బా మూయి! సప్పుడు సేయొద్దు!"

వెనక సీట్లోంచి వచ్చిన ఆ గొంతుకు అవ్వ పక్కనున్న మనవరాలు సంయుక్త ఉలిక్కిపడింది. సింహాన్ని చూసి కాదు, ఆ మాట విని. కెన్యా దేశంలో, మసాయి మారా గడ్డిమైదానాల్లో, ఎవరో అచ్చం తమ ఆదోని యాసలో అవ్వను గదమాయిస్తున్నారు!

బెంగళూరు నుంచి వచ్చిన టూర్ బృందంలో అతనూ ఒకడు. పక్కనున్న మైసూరు దంపతులతో విమానం ఎక్కినప్పటి నుంచీ కన్నడం మాట్లాడుతుంటే కన్నడిగుడనుకుంది.

"పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి అదేనా?" అంది గుసగుసగా, కానీ కోపంగా.

"సింహానికి పెద్దా చిన్నా తెలీదు మేడమ్."

అవ్వ మాత్రం సింహాన్ని మరిచిపోయి వెనక్కి తిరిగింది. "యా ఊరప్పా నీది?"

"ఎమ్మిగనూరు అవ్వా."

"అయ్యో, మనోడే! మాది ఆదోని. ఇంద, నాలుగు బొరుగులు తిను."

ఇంటి దగ్గర ఇద్దరికీ మధ్య ముప్పై కిలోమీటర్లు. గంటకో బస్సు. ఒకరి ముఖం ఒకరు చూడటానికి సముద్రం దాటాల్సి వచ్చింది. అతని పేరు నీలకంఠ. "ఏం చేస్తుంటారు?" అని మైసూరు ఆవిడ అడిగితే "డాక్టర్" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. పొగరు, అని సంయుక్త తీర్మానించేసింది.

ఆమె ఆదోనిలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఐదేళ్ళుగా జువాలజీ చెబుతోంది. బోర్డు మీద సింహాన్ని, ఏనుగును ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. నిజంగా చూసింది మాత్రం జూలో, కడ్డీల వెనక. అవ్వకేమో టీవీలో జంతువుల ఛానల్ పిచ్చి. "కండ్లు బాగుండగానే జిరాఫీని చూడాల" అని కొడుకు బాలకృష్ణయ్య ప్రాణం తీసింది. దసరా సెలవుల్లో, మనవరాలు తోడుంటేనే పంపుతానన్నాడాయన. ఎవరి పుణ్యాన ఎవరు వచ్చారో అవ్వకూ మనవరాలికీ ఇంకా తేలలేదు.

మర్నాడు ఉదయం చెదల పుట్ట మీద నిలబడి ఒక మచ్చల మృగం కనిపించింది.

"అవ్వా, చిరుత!" అంది సంయుక్త గర్వంగా.

"అది చిరుత కాదు, చీతా" అంది వెనక సీటు.

"నేను జువాలజీ చెప్తాను, మిస్టర్."

"అయితే ఇంకా బాగా చూడాల మేడమ్. కండ్ల కింద నల్లగీతలు చూడండి, ఏడిస్తే కాటుక కారినట్లు. చిరుతకుండవు."

చూసింది. ఉన్నాయి. తన పాఠంలోనే ఉంది ఆ ముక్క. సంయుక్త బైనాక్యులర్ దించకుండా అలాగే కూర్చుంది. దించితే ఎర్రబడిన ముఖం కనిపిస్తుంది కదా!

మూడో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. మేఘం ఎక్కడిదో తెలియదు, ఒక్కసారిగా మైదానమంతా తెల్లటి తెర దిగినట్టయింది. నీళ్ళు నిలిచిన దారిని తప్పించి పక్కనుంచి పోబోయిన జీపు వెనక చక్రాలు బురదలో కూరుకుపోయాయి. డ్రైవర్ కిప్రోనో ఎంత తొక్కితే అంత లోతుకు దిగుతోంది.

అవ్వ కిటికీలోంచి తొంగి చూసింది. "ఇది మన నల్లరేగడేనే! ఈ మట్టిలో యా బండైనా దిగబడాల్సిందే. సక్రాల కింద కంప ఎయ్యమని సెప్పు."

"నేను ఏస్తా" అని నీలకంఠ తలుపు మీద చెయ్యి వేశాడు. కిప్రోనో అతని భుజం పట్టుకుని ఆపాడు. పొదల వెనక నుంచి ఏనుగులు బయటికి వస్తున్నాయి. ఒకటి, మూడు, ఏడు... పదకొండు. మధ్యలో తల్లి కడుపు కింద నడుస్తున్న గున్న. ఎవరూ దిగొద్దని కిప్రోనో సైగ చేశాడు. వైర్‌లెస్‌లో సాయం అడిగితే, రెండో జీపు రావడానికి గంట పడుతుందన్నారు. మధ్యాహ్న భోజనం కూడా ఆ జీపులోనే ఉంది.

పది నిమిషాలు గడిచాయో లేదో, అవ్వ వింతగా మాట్లాడింది. "ఎద్దులు కట్టినారా?"

"ఏ ఎద్దులు అవ్వా?"

"మిల్లు కాడికి పోవాల గదా..."

అంత చల్లటి వానలో అవ్వ నుదుటి మీద చెమట. చేతులు వణుకుతున్నాయి. నీలకంఠ సీటు దాటి ముందుకు వచ్చాడు.

"అవ్వకు షుగరుందా?"

"ఉంది."

"పొద్దున మాత్ర ఏసుకునిందా? టిఫిన్ తినిందా?"

"మాత్ర వేసుకుంది. టిఫిన్... గుడ్ల వాసన అని ముట్టలేదు. బొరుగులు రెండు గుప్పెళ్ళు తింది, అంతే."

"షుగర్ పడిపోయింది. తీపి ఏమన్నా ఉందా?"

సంయుక్త సంచీ మొత్తం ఒళ్ళో గుమ్మరించింది. ఊరగాయ, చట్నీపొడి, నిమ్మకాయలు. ఇంత సర్దిన తాను ఒక్క బెల్లంముక్క పెట్టుకోలేదు! నీలకంఠ కిప్రోనో వైపు తిరిగి అతని ఫ్లాస్కు చూపించి "షుగర్?" అని అడిగాడు. "చాలా ఎక్కువ" అన్నట్టు కిప్రోనో రెండు చేతులూ చాపాడు.

నీలకంఠ ఒక చేత్తో అవ్వ తల లేపి పట్టుకుని, మూతలో పోసిన టీని గుక్క గుక్కగా తాగించాడు. "మింగు అవ్వా. ఇంకొంచెం. ఆఁ, అట్లా." ఆ గొంతులో గదమాయింపు లేదు. సంయుక్త అవ్వ పాదాలు రుద్దుతూ ఆ గొంతు మీదే ధ్యాస నిలిపింది.

అంతలో జీపు మీద నీడ పడింది.

అన్నిటికన్నా పెద్ద ఏనుగు వచ్చి కిటికీ పక్కన నిలబడింది. చెవులు విప్పింది. తొండం కిటికీ అంచును తడిమి, లోపలి గాలిని వాసన చూసింది. తడిసిన గడ్డి వాసన, వేడి ఊపిరి. ఏనుగు పళ్ళ గురించి సంయుక్త చెప్పిన పాఠాల్లో ఈ వేడి లేదు. మైసూరు దంపతులు కళ్ళు మూసుకున్నారు.

అవ్వ కళ్ళు తెరిచింది. ఏనుగును చూసింది. భయపడే ఓపిక కూడా లేనట్టు, మెల్లగా అంది. "ఏం సేయంలే తల్లీ. నీ బిడ్డను పిలుచుకొని పో. వానలో తడుస్తాండాది."

అవ్వ తెలుగు దానికి అర్థమైందో, దానికే విసుగొచ్చిందో, ఏనుగు తొండం వెనక్కి తీసుకుని గున్న వైపు నడిచింది. మంద మొత్తం వానలో కలిసిపోయింది.

అప్పుడు చూసుకుంది సంయుక్త, తన చెయ్యి నీలకంఠ మణికట్టును గోళ్ళు దిగేలా పట్టుకుని ఉందని. చటుక్కున వదిలేసింది.

"పర్వాలేదు మేడమ్," అన్నాడతను గోళ్ళ గుర్తులు చూసుకుంటూ. "నేనూ సీటు కమ్మీని అట్లే పట్టుకోనుండాను."

సాయంత్రం టెంటు దగ్గర అవ్వ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏం డాక్టరప్పా నువ్వు? గుండెకా, షుగరుకా?"

నీలకంఠ తల గోక్కున్నాడు. "పశువుల డాక్టర్‌ను అవ్వా. హొళగుంద పశువుల ఆసుపత్రిలో పని."

అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "మంచిదే పోప్పా! మనుషుల డాక్టర్లు ఇంత పదిలంగా పట్టుకోరు."

మిగిలిన నాలుగు రోజులూ ఎలా పోయాయో సంయుక్తకు తెలియదు. నకురు సరస్సు ఒడ్డున గులాబీ రంగు ఫ్లెమింగోలు ఒక్కసారిగా లేచాయి. ఖడ్గమృగం దారికడ్డంగా పడుకుని గంటసేపు నిద్రపోయింది. నైరోబీలో జిరాఫీ ఒకటి, అవ్వ అరచేతిలో మేత వదిలేసి నీలకంఠ చెంపను ఇంత పొడవు నాలుకతో నాకేసింది. "ముద్దు పెట్టింది!" అని అవ్వ కేక. "జిరాఫీకి టేస్ట్ లేదు" అంది సంయుక్త. "మీకు అసూయ" అన్నాడతను. ఆమె ఆ రాత్రి ఆ మాట తలుచుకుని దిండులో ముఖం దాచుకుని నవ్వింది.

నీలకంఠ, తన నాయన సోమప్ప ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడని, తన చదువంతా మగ్గం చప్పుడులోనే సాగిందని, చిన్నప్పుడు బడి లైబ్రరీలో ఆఫ్రికా బొమ్మల పుస్తకం చూసిన రోజు నుంచి ఇక్కడికి రావాలనుకున్నానని చెప్పాడు. ఆమె విన్నది. తన ఇంటి సంగతి చెప్పాలని తోచలేదు. అవ్వే చెప్పింది, బెంగళూరు విమానాశ్రయంలో సామాను కోసం నిలబడినప్పుడు. "మా బాలకిష్టయ్య నీకు తెలిసే ఉంటాడు లేప్పా. ఆదోని స్టేషన్ దగ్గర పెద్ద పత్తి జిన్నింగ్ మిల్లు వాడిదే."

నీలకంఠ ముఖంలో ఏదో ఆరిపోయింది. అప్పటికే సంయుక్త నంబర్ అతని ఫోన్‌లో ఉంది. "పోయొస్తా అవ్వా. పోయొస్తా మేడమ్" అని బస్సు వైపు నడిచాడు.

మూడు వారాలు. ఒక్క ఫోన్ లేదు, మెసేజ్ లేదు.

ఆదోని మార్కెట్ యార్డు నిండా పత్తి బండ్లు. ఊరంతా గాలిలో దూది తేలుతోంది. సంయుక్త క్లాసులో చిరుత, చీతా తేడా చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ముందు బెంచీలోని మౌనిక "మేడమ్, ఒంట్లో బాలేదా?" అంది. ఆ శనివారమే ఆమె హొళగుంద బస్సెక్కింది. బస్సు దిగేసరికి వాన.

ఆసుపత్రి వెనక షెడ్డులో నీలకంఠ ఈనలేకపోతున్న ఒక గేదె లోపల మోచేయి దాటే దాకా చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి నోరు తెరిచాడు.

"మీరు... ఈడికి..."

"ఫోటోలు ఇచ్చిపోదామని."

"ఫోన్‌లో పంపొచ్చు కదా?"

"ఫోన్ చేసేవాళ్ళకు పంపొచ్చు."

గేదె మూలిగింది. యజమాని తిమ్మక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "తిట్టుకునేది ఎనకాలప్పా! ముందు నా ఎనుమును సూడు."

"దూడ తల అడ్డం తిరిగింది," అన్నాడు నీలకంఠ. "మేడమ్, ఆ తాడు పట్టుకోండి. నేను సెప్పినప్పుడు లాగాల, గట్టిగా కాదు, విడవకుండా."

ఇరవై నిమిషాలు పట్టింది. తిమ్మక్కా, సంయుక్తా ఒకే తాడు మీద. చెప్పులు జారాయి, చుడీదారు పాడైంది. చివరికి తడిసిన నల్లటి దూడ గడ్డి మీద జారిపడి, కాసేపు కదల్లేదు. నీలకంఠ దాని ముక్కు తుడిచి, గడ్డిపోచతో లోపల గిలిగింత పెట్టాడు. అది తుమ్మింది. సంయుక్త భోరుమని ఏడ్చేసింది.

నీలకంఠ చేతులు కడుక్కుని వచ్చి ఆమె ముఖం చూశాడు. కాటుక రెండు చారలుగా కారింది.

"చీతా మాదిరి ఉండారు."

"నవ్వించొద్దు. ఎందుకు ఫోన్ చేయలేదు?"

అతను తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మా నాయన నేసేది మీలాంటోళ్ళు కట్టుకుంటారు మేడమ్. అంతే మాకూ మీకూ ఉండే పరిచయం. ఆశ పెంచుకొని, మిమ్మల్ని మీ ఇంట్లో దోషిగా నిలబెట్టడం ఎందుకనిపించింది."

"నన్ను అడిగినారా?"

"లేదు."

"ఇప్పుడు అడగండి."

వాన రేకుల మీద దడదడ కొడుతోంది. "నాతో ఉంటారా?" అన్నాడు నీలకంఠ. ఆమెకు వినపడలేదు. "ఏంటి?" అంది. అతను గొంతు పెంచి మళ్ళీ అడిగాడు. ఈసారి తిమ్మక్కకూ వినపడింది.

"ఊఁ అనమ్మా! ఆయప్ప ఎన్నిసార్లు అరవాల!"

"ఊఁ" అంది సంయుక్త.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా కాలేదు. బాలకృష్ణయ్య కూతురి మీద అరవలేదు, అదే ఎక్కువ బాధ. "కులం వేరు, బతుకు వేరు. రేపు నీకు కష్టమొస్తే నలుగురూ నన్నే అంటారు" అన్నాడు. మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు ఉదయం రుక్మిణవ్వ కనిపించలేదు. మిల్లు గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "అవ్వ ఎమ్మిగనూరు బస్సెక్కింది సార్!"

తండ్రీ కూతుళ్ళు కారులో వెంటపడ్డారు. సోమప్ప ఇల్లు కనుక్కునేసరికి అవ్వ మగ్గం పక్కన చాప మీద కాళ్ళు చాపుకుని, ఏనుగు కథ చెబుతోంది. సోమప్ప మగ్గం గుంతలోంచి లేచి, ఏం చేయాలో తెలియక తువ్వాలుతో చాప దులుపుతూనే ఉన్నాడు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు బాలకృష్ణయ్య.

"నా పానం నిలబెట్టిన పిల్లోడి ఇల్లు సూడాలనుకున్నా, వచ్చినా. నువ్వూ సూడు."

కబురందుకుని నీలకంఠ వచ్చాడు, ప్యాంటుకు పేడ మరకలతోనే. బాలకృష్ణయ్య అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు.

"మూడు వారాలు ఫోన్ సేయలేదంట. ఎందుకు?"

"మీరెవరో తెలిసి భయమైంది సార్."

"సింహం ముందర కాలేదా భయం?"

"సింహం ముందర జీపులో ఉన్నా సార్. ఈడ జీపు లేదు."

బాలకృష్ణయ్య మీసం కదిలింది. ఆపుకుందామనుకున్నాడు, కాలేదు. ముందు అవ్వ, తర్వాత సోమప్ప, చివరికి ఆయనే పెద్దగా నవ్వేశాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "నాక్కూడా భయంగానే ఉందప్పా," అన్నాడు కాస్త తేరుకుని. "ఒక్కతే బిడ్డ."

"ఆ భయం నాకిచ్చేయండి సార్. నేను మోస్తా."

బాలకృష్ణయ్య వంగి, మగ్గం మీద సగం నేసిన చీరను వేలితో తాకి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి వచ్చి, అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు.

"సోమప్పా, మా ఇంట్లో పెండ్లంటే కంచికి పోయి సీరలు తెస్తాం. ఈసారి పోము. మా అమ్మాయి పెండ్లి సీర నువ్వే నేయాల. ఎన్నాళ్ళు పడుతుంది?"

సోమప్ప తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "నా కోడలికి నేసేది... తొందరపడకూడదు సార్. రెండు నెలలు."

"రెండు నెలలా!"

సంయుక్త, నీలకంఠ ఒకేసారి అన్నారు. ఆ మాట నోరు దాటాక ఇద్దరూ తలలు దించుకున్నారు. అవ్వ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.