నీలం తొట్ల ఇల్లు

ఆ ఇంటి గురించి ఊళ్ళో ఒక్కో పేటవాళ్ళది ఒక్కో మాట.

కంచు పనివాళ్ళ పేటలో అడిగితే, లోపల ఎవరో రాత్రంతా సుత్తితో కొడతారంటారు. నేతగాళ్ళ పేటలో అడిగితే, తడిబట్ట పిండిన చప్పుడు వస్తుందంటారు. కొత్తగా లేచిన మేడల పేటవాళ్ళకి ఏ చరిత్రా తెలీదు. అయినా చీకటి పడ్డాక వాళ్ళూ అటు నడవరు. ఇక ఆ ఇల్లున్న అద్దకం పేటలోనైతే, సరాసరి ఆవిడ గురించే చెప్తారు.

నది దారి మళ్ళించి, అద్దకంవాళ్ళని లేచిపొమ్మన్న రోజుల్లో, ఆ ఇంటావిడ పోనని మొండికేసి, బట్టలకి రంగు పట్టించే నీలం తొట్లోకి దిగిపోయిందట. మోచేతుల దాకా నీలం. పిలిస్తే పలక్కూడదు... పలికితే చెయ్యి పట్టుకుంటుంది.

తోటికోడళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి ఇదంతా కంఠతా వచ్చు. మేడల పేటలో బట్టలు కుట్టే చోట పని వాళ్ళకి. ఇల్లేమో నేతగాళ్ళ పేటలో. రోజూ పెద్దరోడ్డు మీదుగా చుట్టూ తిరిగి బస్సులో పోతారు. ఆ రోజు వాన కుమ్మేసింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, బస్సు అన్నది లేదు.

"అద్దకం పేట సందులోంచి పోదామా అక్కా?" అంది చిన్నామె.

పెద్దామె కొంగు నెత్తిన కప్పుకుంది. "పద. మాట్లాడకుండా నడువు. ఎవరు పిలిచినా వెనక్కి చూడకు."

సందులో కరెంటు లేదు. రెండు పక్కలా కిటికీలన్నీ బిగించేసి ఉన్నాయి. చూరుల నుంచి నీళ్ళు — టప్... టప్... చిన్నామె ఒక చేత్తో పెద్దామె మోచెయ్యి పట్టుకుని, రెండో చేతిలో ఫోన్ లైటుతో గుంటలు తప్పించుకుంటూ నడుస్తోంది.

ఆ ఇల్లు వచ్చింది. సగం కప్పు కూలిపోయింది. గోడ అడుగున, నేలకి ఆనుకుని, ఇనప ఊచల కిటికీ ఒకటి. దాని కిందే తొట్లు.

సరిగ్గా అక్కడికొచ్చేసరికి —

"అమ్మా..."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"అక్కా, విన్నావా?"

"వినలేదు. నువ్వూ వినలేదు. నడువు."

"ఎవరైనా... అమ్మా..."

మగగొంతో ఆడగొంతో తెలీదు. బావిలోంచి వచ్చినట్టుంది. చిన్నామె గిరుక్కున తిరిగేసరికి వెలుగు ఊచల మీద పడింది. ఊచల మధ్యనుంచి నాలుగు వేళ్ళు...

నీలం.

గోళ్ళ నుంచి మణికట్టు దాకా నీలం!

పెద్దామె నోట్లో కొంగు కుక్కుకుంది. చిన్నామెని లాక్కుంటూ, పడుతూ లేస్తూ సందు మలుపు దాకా పరిగెత్తింది. ఎదురుగా నేతగాళ్ళ పేట దీపాలు కనిపిస్తున్నాయి. ఇంకాస్త దూరం పోతే గండం గడిచినట్టే.

అప్పుడు వెనకనుంచి దగ్గు వినిపించింది. తెరలు తెరలుగా దగ్గు. చివర్లో కాండ్రించి ఉమ్మిన చప్పుడు.

చిన్నామె ఆగిపోయింది.

"అక్కా... దెయ్యానికి కఫం పడుతుందా?"

"నీకు దండం పెడతా, రావే!"

"నువ్వు ఇక్కడే ఉండు. నేను చూసొస్తా."

"పిచ్చిగానీ పట్టిందా? నీకేమన్నా అయితే మా మరిదికి ఏం చెప్పను?"

చిన్నామె గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వెనక్కి వచ్చింది. ఊచల ముందు గొంతుక్కూర్చుంది. పలకాలి... పలికితే...

"ఎ... ఎవరూ?"

నీలం వేళ్ళు కదిలాయి. తడుముకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాయి. మంచుగడ్డల్లా ఉన్నాయి — కానీ వణుకుతున్నాయి.

"మంచినీళ్ళు... ఉన్నాయా తల్లీ?"

ఆమె పెట్టిన కేకకి సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. లాంతర్లు వచ్చాయి, తాళ్ళు వచ్చాయి, మగాళ్ళు దిగి ఒక ముసలాయన్ని పైకి చేర్చారు. కాలు విరిగింది. ఒళ్ళంతా తొట్ల అడుగున మిగిలిన నీలపు బురద.

ఆయన ఆ పేట బడిలో పనిచేసి రిటైరైన పంతులుగారు. పేట పేటా తిరిగి పాత సంగతులు పోగుచేస్తున్నారు. ఆ ఇల్లు కూలగొట్టేస్తారని తెలిసి, చివరిసారి చూద్దామని నిన్న సాయంత్రం వెళ్ళారు. తొట్ల దగ్గరికి దిగుతుంటే కాలికింద మెట్టు విరిగింది. ఫోన్ నీళ్ళలో పడింది.

ఎదురింటి ముసలావిడ తల దించుకుంది. "నిన్న రాత్రంతా వినబడుతూనే ఉంది నాయనా. ఆవిడే అనుకున్నాం. చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాం."

పంతులుగారు నవ్వబోయి, నొప్పికి ముఖం చిట్లించారు.

"ఆవిణ్ణి పుట్టించింది నేనే కదమ్మా! ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పిల్లలు ఎంత చెప్పినా ఆ తొట్ల చుట్టే ఆడేవాళ్ళు. ఎవడైనా పడతాడేమోనని ఓ కథ అల్లాను. చేతులకి నీలం మాత్రం నేను పుయ్యలేదు. అది మీ పనితనం."

ఎదురింటి ముసలావిడ ఆయన చేతులకంటిన నీలాన్ని కొంగుతో తుడిచింది.

"అయితే," అడిగింది చిన్నామె, "అద్దకంవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు... ఇక్కడ ఎవరూ చచ్చిపోలేదా?"

"లేదమ్మా. మూటలు సర్దుకుని తలో పేటకి పోయారు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో పోయినవాళ్ళెవరూ లేరు."

ఆయన తెరుచుకున్న కిటికీల వైపు ఒకసారి చూశారు.

"ఈ రాత్రి కూడా గడిచుంటే... నేనే మొదటివాణ్ణయ్యేవాణ్ణి."