జూజువాడిలో పసుపు సంచి

ముత్తప్పను చంపింది లారీ అని పోలీసులు రాసుకున్నారు. లారీ కాదు, అతని భుజాన వేలాడిన తోలు సంచి అని వెంకటేశులుకు తెలుసు.

ఇత్తడి బకిల్స్, లోపల ఎర్ర వెల్వెట్, పక్కన లెన్సులకు అరలు. మద్రాసు మౌంట్ రోడ్డులో కొన్న అసలు సిసలు కెమెరా సంచి. దాన్ని తగిలించుకుని రహస్యంగా ఫోటోలు తీద్దామని ముత్తప్ప పట్టపగలు హోసూరు బస్టాండులో దిగాడు. అవతలివాళ్ల వాచర్లు ఒక్క చూపులో పోల్చుకున్నారు. అతను రోడ్డు దాటుతుంటే ఒక లారీ వచ్చింది, గుద్దింది, ఆగకుండా పోయింది.

గూఢచారి శాఖలో ఇద్దరూ ఒకే బ్యాచ్. ట్రైనింగులో ఒకే గది, ఒకే సిగరెట్టును చెరిసగం. ఆ కబురు విన్నప్పటినుంచి వెంకటేశులుకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో పోవాలనిపిస్తుంది, పోతే వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

అది 1978, మామిడికాయల కాలం. కృష్ణగిరి ట్రావెలర్స్ బంగళాలో చీఫ్ ఆదిశేషయ్య తలుపులు మూయించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"బెంగుళూరు ఫ్యాక్టరీ నుంచి రాడార్ డ్రాయింగులు బయటికి పోయాయి. మైక్రోఫిల్మ్. రేపు మధ్యాహ్నం రాష్ట్ర సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్ట్ పక్కన టీ కొట్లో చేతులు మారుతుంది. అందుకునేవాణ్ణి డాక్టర్ అంటారు. వాడి మొహం ఏ ఫైల్లోనూ లేదు. మద్రాసు హార్బర్లో వాడికోసం ఓడ కాచుకునుంది. గేటు దాటి హోసూరు వైపు వచ్చాడా, మన పని గోవిందా."

"మొహం తెలీకుంటే పోల్చుకునేదెట్లా సార్?"

"రీటా చూపిస్తుంది."

రీటా అంటే బెంగుళూరు క్లబ్బుల్లో తెలియనివారు లేరు. ఏ ఊరిదో మాత్రం ఎవరికీ తెలియదు. గోవా అని కొందరు, సిమ్లా అని కొందరు. ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. డిపార్ట్‌మెంట్ దగ్గర జీతం తీసుకుంటుంది, అవతలివాళ్ల దగ్గర కూడా తీసుకుంటుందని అనుమానం.

"నువ్వు టైమెంత అని అడగాలి. వాచీ ఆగిపోయింది అంటే డాక్టర్ అక్కడే ఉన్నట్టు. నల్ల కళ్లద్దాలు తీసి బల్లమీద పెడుతుంది. అవి ఎవరివైపు చూస్తుంటే వాడే. ముందు ఫోటో. తర్వాత నువ్వు రుమాలు ఊపితే గేటు దగ్గర మన ఇన్‌స్పెక్టర్ వాణ్ణి పట్టుకుంటాడు."

"ఆమెను నమ్మొచ్చునా?"

"నమ్మకూడదు. కానీ వేరే దారి లేదు."

బల్లమీద కెమెరా కిట్టు పరిచాడు. అరచేతిలో ఇమిడే జర్మన్ కెమెరా, బొటనవేలంత లెన్సు, దూరంనుంచి నొక్కడానికి కేబుల్ రిలీజ్, స్పేర్ ఫిల్ము. అన్నీ కలిపి ఒక పూట చద్దిమూటంత ఉంటాయి.

"వీటికి సంచి?"

"నువ్వే చూసుకో. ఎవడూ రెండోసారి తిరిగి చూడకూడదు. పదిహేను రూపాయలకు మించితే ఆఫీసు ఒప్పుకోదు. ముత్తప్ప సంచి ఖరీదు గురించి ఆడిటర్లు ఇంకా నన్ను పీక్కుతింటున్నారు."

వెంకటేశులుకు ఒళ్లు మండింది. మనిషి పోతే అడగనివాళ్లు సంచి గురించి అడుగుతున్నారు. కిట్టు తీసుకుని బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం కృష్ణగిరి బజారంతా అతని కాళ్లకింద అరిగింది. రెక్సిన్ ఎయిర్‌బ్యాగు బాగుందనిపించింది, ధర కూడా కుదిరింది. కొట్టువాడే వద్దన్నాడు. "జూజువాడి మీద పొయ్యేటట్టుంటే ఇది వద్దప్పా. సీసాలనుకొని విప్పించేస్తారు." నిజమే. తమిళనాడులో మద్యం నిషేధం, గేటుకు అవతల కర్ణాటకలో కావలసినంత. ఆ దారిలో లావుగా కనబడిన ప్రతి సంచినీ కానిస్టేబుళ్లు తట్టి, గలగల వినబడుతుందేమోనని చెవి పెడతారు. లెన్సుకూ బ్రాందీ సీసాకూ తేడా వాళ్ల చెవులకు తెలియదు. ప్లాస్టిక్ వైరు బుట్ట చూశాడు, సందుల్లోంచి లోపలిదంతా కనబడుతోంది. చీఫ్ ఫోన్లో ఒక సలహా పడేశాడు: గుండు కొట్టించుకుని తిరుపతి లడ్డూల సంచితో వెళ్లమని.

"గుండు చూస్తే ప్రతివాడూ ప్రసాదం అని చెయ్యి చాపుతాడు సార్. లడ్డు తీసేదా, లెన్సు తీసేదా?"

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

దిక్కుతోచక బర్గూరు బస్సెక్కి మేనత్త పాపక్క ఇంటికి చేరాడు. ఆమె గొర్రెలమంద పెట్టుకుని బతికే మనిషి. మేనల్లుడు మద్రాసులో ఏదో గవర్నమెంటు కంపెనీలో గుమాస్తా అనుకుంటుంది.

"కూసోరా. వచ్చినప్పట్నించి తిరగతానే ఉండావు. ఏం పోగొట్టుకున్నావు?"

అతను నిలబడిపోయాడు. గోడన మేకుకు వేలాడుతున్న పసుపు గుడ్డసంచిని చూస్తున్నాడు. ఆ సీమలో పెళ్లికి పోయినవాళ్లకు తాంబూలం, టెంకాయ వేసి ఇచ్చే సంచి. ఒక వైపు కలశం బొమ్మ, రెండు వైపులా తమిళ అక్షరాల్లో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు. ఆ తర్వాత ఏడాదిపాటు రేషనుకూ సంతకూ కోర్టు వాయిదాకూ ఆ సంచే. ఎక్కడ చూసినా కనబడుతుంది కాబట్టి ఎవరి కళ్లకూ ఆనదు. పైసా ఖర్చు లేదు.

"అత్తా, ఈ సంచి నాకిస్తావా?"

"పోయిన నెల కల్లావిలో పెండ్లికి పోతే ఇచ్చినారు. తీసుకో, కొండబో. ఇంత దానికి అంత మొగం పెట్టేదేమి?"

ఆ రాత్రే పాత గొంగళి ముక్కను కత్తిరించి లోపల మూడు అరలు కుట్టుకున్నాడు. కిట్టు అందులో ఒదిగి కూర్చుంది. ఊపినా చప్పుడు లేదు. కలశం మీది పువ్వు నడుమ లెన్సుకు చిల్లు పెట్టాడు. కేబుల్‌ను సంచి పిడిలోకి లాగాడు. పైన తమలపాకులు, టెంకాయ. మౌంట్ రోడ్డు వెల్వెట్ కన్నా ఇదే మేలు అనుకున్నాడు.

మరునాడు హోసూరు బస్సులో ఆ సంబరం దిగిపోయింది. పక్క సీట్లో కూర్చున్న దొడ్డమ్మ అనే ముసలావిడ సంచినే చూస్తోంది.

"ఎవురి పెండ్లప్పా?"

"కల్లావిలోమ్మా."

"కల్లావిలో ఎవురింట్లో?"

అతను సంచి తిప్పి పేర్లు చదువుకుని చెప్పాడు. "లక్ష్మక్క కూతురు సరోజది."

"నువ్వు ఆడపిల్ల తట్టా, మగపిల్లోని తట్టా?"

ముందు సీటువాడు వెనక్కి తిరిగి మగపిల్లవాడిది ఏ ఊరో అడిగాడు. టిక్కెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు భోజనాలు ఎట్లుండినాయని అడిగాడు. వెంకటేశులుకు చొక్కా తడిసిపోయింది. ఈ సీమలోనే పుట్టి పెరిగినవాడు ఇంత మాట ఎట్లా మరిచిపోయాడు? ఇక్కడ పెళ్లిసంచిని ఎవరూ అనుమానించరు, నిజమే. కానీ చదవకుండా ఎవరూ వదిలిపెట్టరు. చదివితే చాలు, చుట్టరికం తవ్వుతారు. ఎవరూ చూడని సంచి కావాలని బయలుదేరి, ఊరంతా పలకరించే సంచి తగిలించుకున్నాడు.

జూజువాడిలో దిగి, గేటు దాటి, బెంగుళూరు నుంచి వచ్చే లారీల వరస పక్కగా నడిచాడు. ఒక కానిస్టేబుల్ లాఠీతో అడ్డం పెట్టాడు. అతని చెయ్యి సంచి మీదికి వచ్చింది. టెంకాయ తగిలింది. పేర్లు చదివాడు.

"కల్యాణమా? పో, పో."

గేటుకు కాస్త అవతల, బెంగుళూరు వైపు, నంజప్ప టీ కొట్టు. లోపల మూడు బల్లలు. ఒకదాని దగ్గర తెల్ల సూటు వేసుకున్న దొర లాంటి మనిషి పైపు కాలుస్తున్నాడు. మూలన తలకు తువాలు చుట్టిన లారీ డ్రైవరు వంచిన తల ఎత్తకుండా అన్నం తింటున్నాడు. నడిమి బల్ల దగ్గర రీటా. షిఫాన్ చీర, భుజాలదాకా కత్తిరించిన జుట్టు, కళ్లకు నల్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. ఈ ఈగల కొట్లో ఆమెను చూస్తే ఎవరైనా దారి తప్పి వచ్చిందనుకుంటారు.

వెంకటేశులు ఆమె ఎదుట కూర్చుని సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"టైమెంతమ్మా?"

"మై వాచ్ హ్యాజ్ స్టాప్డ్."

డాక్టర్ ఇక్కడే ఉన్నాడు. రీటా లిప్‌స్టిక్ పూసుకుని, చెయ్యి కడుక్కోవడానికన్నట్టు లేచి మూలన ఉన్న తొట్టి దాకా పోయి వచ్చింది. వచ్చేసరికి చేతిలో గొట్టం లేదు. ఆ సంగతి అతను గమనించలేదు. ఆమె కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. అవి తెల్ల సూటు వైపు చూస్తున్నాయి.

అతను చిల్లును అటు తిప్పాడు. దాంతో సంచి రెండో వైపు ఆమె కళ్ల ఎదుటికి వచ్చింది. కేబుల్ మీద వేలు పెట్టాడు.

"ఈ సంచి యాడిదప్పా?"

ఎవరు మాట్లాడారో అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇంగ్లీషు తప్ప రాని రీటా తమిళ అక్షరాలు చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి.

"పెండ్లిలో ఇచ్చినారమ్మా."

"సరోజకు పెండ్లయిపోయిందా? ఎప్పుడు?"

"పోయిన నెల."

"లక్ష్మక్క నా తోడబుట్టింది. నా పేరు గంగాభవాని. ఆ పిల్లను ఈ సంకలో ఎత్తుకొని పెంచినాను. నన్ను పిలవలేదు." గొంతు లేచింది. "దోవన పొయ్యే నీకు టెంకాయ ఇచ్చి, సంచి ఇచ్చి పంపినారు. నాకు ఒక కార్డు ముక్క వెయ్యలేదు. నేనేం చచ్చిపోయినానా?"

కాటుక చెంపలమీదికి జారింది. రెండు దేశాలను మోసం చేసిన మనిషి. అయినా ఆ నిమిషంలో వెంకటేశులుకు ఆమె మీద జాలే కలిగింది. "బిజీలో మరిచిపోయింటారులేమ్మా," అన్నాడు.

"అక్కచెల్లెల్ని ఎవురైనా మరిచిపోతారా అప్పా?"

"షటప్, రీటా. గెట్ అప్."

ఆ మాట మూలనుంచి వచ్చింది. లారీ డ్రైవరు అన్నంలో చెయ్యి ఆపి, మొదటిసారి తల ఎత్తాడు. పిల్లికళ్లు, సన్నని పెదవులు. అంత చక్కటి ఇంగ్లీషు లారీ నడిపేవాడిది కాదు. తెల్ల సూటువాడు చప్పున పైపు దించి, ఏం చెయ్యమంటారన్నట్టు అతనివైపే చూశాడు. వాడు ఉత్త బొమ్మ. ఆమె చూపించింది బొమ్మను.

వెంకటేశులు సంచిని మూలకు తిప్పాడు. టక్. టక్. టక్.

డాక్టర్‌వి పాము చెవులు. బల్ల కిందినుంచి నల్లగా పిస్టల్ గొట్టం లేచింది. వెంకటేశులు చూస్తూనే ఉన్నాడు, కదలలేకపోయాడు.

"నా మాట ఇంకా కాలేదు," అంటూ గంగాభవాని చేతికందిన టీ గ్లాసు విసిరింది. కాలే టీ డాక్టర్ మణికట్టు మీద పడింది. పిస్టల్ సాంబారు గిన్నెలోకి జారింది. తెల్ల సూటువాణ్ణి నంజప్ప బెంచీతో సహా గోడకు నొక్కి పట్టాడు, టీ డబ్బులు ఇవ్వకుండా పారిపోతున్నాడనుకుని.

డాక్టర్ బయటికి దూకి లారీ ఎక్కాడు. ముందే కాగితాలు చూపించుకున్న లారీ, గేటు లేపే ఉంది. వెంకటేశులు రోడ్డుమధ్యకు వచ్చి రుమాలు ఊపాడు. ఇన్‌స్పెక్టర్‌కూ అతనికీ నడుమ ఒక టమోటా లారీ అడ్డంగా నిలబడి ఉంది. మళ్లీ ఊపాడు. ఎవరూ చూడలేదు. ముత్తప్పను గుద్దిన చక్రాలు ఇవేనేమో అనిపించింది. లారీ కదిలింది. ముందు చక్రం గేటు గీతను ముట్టబోతోంది.

ఇక రహస్యం, గిహస్యం లేదు. గొంతు చించుకుని అరిచాడు.

"ఆ లారీలో బ్రాందీ ఉండాది."

దేశరక్షణ కోసం అంత వేగంగా కదిలిన కానిస్టేబుళ్లను అతను ఎన్నడూ చూడలేదు. గేటు ధడాలున దిగి లారీ మూతిమీద పడింది. నలుగురు క్యాబిన్‌లోకి ఎక్కారు, మిగిలినవాళ్లు వెనకకు. బ్రాందీ దొరకలేదు. డాక్టర్ తలకు చుట్టిన తువాలు మడతలో లిప్‌స్టిక్ గొట్టం, దానిలో మైక్రోఫిల్మ్ దొరికాయి. కానిస్టేబుళ్లు నిరాశపడ్డారు.

మరునాడు కృష్ణగిరి బంగళాలో ఆదిశేషయ్య కడిగిన ఫోటోలు చూస్తున్నాడు. మూడింటిలోనూ డాక్టర్ మొహం తేటగా ఉంది. వెంకటేశులు ఒక ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. ఇది చూడడానికి ముత్తప్ప ఉంటే బాగుండేది. కళ్లు తుడుచుకుని పక్కన పెట్టాడు.

"ఆమె ముఠా మొత్తం పేర్లు చెప్పేసింది," అన్నాడు చీఫ్. "ఒక్కటే షరతు. జైలుకు తీసుకెళ్లేముందు ఆమెను కల్లావిలో అక్క ఇంటిముందు ఒక్క నిమిషం దింపాలట. ఒకే ఒక ప్రశ్న అడుగుతుందట."

"దింపండి సార్. లేకుంటే మనకంటే జైలువాళ్లు ఎక్కువ కష్టపడతారు."

"అయినా నువ్వు గట్టివాడివయ్యా. ఆ పెళ్లివాళ్లు ఆమెకు చుట్టాలని తెలిసే ఆ సంచి పట్టుకెళ్లావా?"

"తెలీదు సార్. బర్గూరులో మా మేనత్త ఇంట్లో మేకుకు ఉండింది. వాళ్లు మా అత్తకు బంధువులు. అంటే నాకూ అయినవాళ్లే."

"మరి పెళ్లి బాగా జరిగిందా?"

వెంకటేశులు పసుపు సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నాకెట్ల తెలుస్తుంది సార్? నన్నూ పిలవలేదు."