మధ్యలో యాభై ఆరు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, కంప్యూటర్ రిపేరు షాపు మూడో మెట్టు మీద మాస్టారు కుప్పకూలిపోయారు.

సైలెన్సర్ బిగించిన పిస్టల్. రెండు షాట్లు. ఎవరో దగ్గినంత చప్పుడు, అంతే. కాల్చినవాడు మోటార్‌సైకిల్ మీద సందు మలుపు తిరిగి మాయమయ్యాడు. ఎదుటి ఫుట్‌పాత్ మీంచి పరుగెత్తుకొచ్చిన మనిషికి మాస్టారి ఆఖరి మాట అందలేదు. బిగుసుకున్న పిడికిలి మాత్రం అందింది.

ఆ వచ్చిన మనిషిని డిపార్ట్‌మెంట్‌లో అందరూ నత్త అంటారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఏ పనికీ తొందరపడలేదని ఆ పేరు వచ్చింది. నిజానికి ఒక్కసారి తొందరపడ్డాడు. అదీ నిన్ననే. ఆ సంగతి అతనికి ఇంకా తెలియదు.

అరగంట క్రితం మాస్టారే ఫోన్ చేశారు. "ఒకసారి షాపుకి రా. నీ సంతకం గురించి మాట్లాడాలి. ఫోన్లో చెప్పేది కాదు."

పిడికిలి విప్పి చూశాడు. మైక్రోఫిల్మ్ కాదు, తాళంచెవి కాదు. ప్రింటర్ కాగితం ముక్క. దాని మీద రెండు వరుసలు. అక్షరాలూ అంకెలూ కలిపి ఒక్కో వరుసలో అరవై నాలుగు. పైపైన చూస్తే రెండు వరుసలూ ఒకటే. మధ్యభాగం కింద మాత్రం మాస్టారు ఎర్ర పెన్సిల్‌తో గట్టిగా గీత గీశారు.

నత్త ఆయన కళ్లు మూశాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, జనం మూగకముందే అక్కడినుంచి నడిచి వెళ్లిపోయాడు. పరుగెత్తితే జనం గుర్తుపెట్టుకుంటారని ఆయన నేర్పిన పాఠమే.

* * *

డిపార్ట్‌మెంట్ ఆఫీసు కళ్లద్దాల షాపు వెనక గదిలో ఉంటుంది. పెద్దాయన కుర్చీ వెనక గోడకి, పైన పెద్ద అక్షరాలూ కింద చీమలంత అక్షరాలూ ఉన్న చార్టు వేలాడుతోంది. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని పెద్దాయన అనడం అలవాటే కానీ, ఆయన ఈరోజు నిజంగానే పెద్దవాడైపోయినట్టున్నాడు.

"టైము?" అన్నాడు.

"పది గంటల రెండు నిమిషాలు సార్."

"ఇంకో రెండు గంటల్లో నలభై ఒక్కమంది మెషీన్లు తెరుస్తారు. మాస్టారు ఎందుకు చచ్చిపోయాడో అంతకుముందే నాకు తెలియాలి."

నలభై ఒక్కమంది ఏజెంట్లు పరాయి దేశంలో మామూలు మనుషుల్లా బతుకుతున్నారు. ఒకతను గడియారాలు బాగుచేస్తాడు. ఒకామె నర్సు. పదిహేడో నంబరు ఏజెంటు బట్టలు కుడుతుంది. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో పాత లాప్‌టాప్. అందులో ఉన్న కంపెనీ సిస్టమ్ లోపల ఏం చేస్తుందో, ఎవరికి ఏం చెబుతుందో దేవుడికే తెలియాలి. దాన్ని తుడిచేసి ఓపెన్ సోర్స్ సిస్టమ్ పెట్టుకోవాలని మూడు నెలల క్రితం నిర్ణయించారు. కోడ్ బయటే ఉంటుంది, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. లోకంలో బోలెడంతమంది వాడతారు కాబట్టి అనుమానమూ రాదు.

ఏ సిస్టమ్ అన్నది తేల్చే పని మాస్టారిది. రిపేరు షాపు నడిపే ముసుగులో పాడైన మెషీన్లన్నీ పోగేసి వాటి మీద మూడు సిస్టమ్‌లని పరీక్షించారు. వాటికి ఆయన పెట్టిన పేర్లు కొంగ, పిచ్చుక, తాబేలు. కొంగ చూడ్డానికి సొగసుగా ఉంది కానీ పాత మెషీన్లలో ఆయాసపడింది. పిచ్చుక చురుకైనదే, కాకపోతే దాన్ని చూసుకునేవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరికి జ్వరమొస్తే మరమ్మతులు ఆగిపోతాయి. తాబేలు పాత మెషీన్లో కూడా నడిచింది, దర్జీ పని చేసే మనిషికీ అర్థమైంది, ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా మరమ్మతులు అందుకుంటోంది. మాస్టారు తాబేలుకే ఓటు వేశారు.

"ఆయన ఎంచుకున్నదాంట్లో తప్పు లేదు సార్" అంటూ నత్త కాగితం బల్ల మీద పరిచాడు. "ఇవి ఫైలు వేలిముద్రలు. ఎంత పెద్ద ఫైలుకైనా అరవై నాలుగు అక్షరాల్లో ఒక ముద్ర ఉంటుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. పై వరుస తాబేలు తయారుచేసినవాళ్లు ప్రకటించింది. కింది వరుస మన సర్వర్లో ఉన్న కాపీది."

"రెండూ ఒకటేగా?"

నత్త జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. ఎర్ర గీత వెంట వేలు జరిపాడు. మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే. చివరి నాలుగూ ఒకటే. ఐదో అక్షరం దగ్గర పైన 'ఎ', కింద తొమ్మిది. ఆరో అక్షరమూ వేరు. మధ్యలో ఉన్న యాభై ఆరూ వేరే ఫైలువి.

కాగితాన్ని పెద్దాయన వైపు తిప్పాడు.

"నిన్న కాపీని సరిచూసి సంతకం పెట్టింది నువ్వే కదా?" పెద్దాయన గొంతు పెరగలేదు.

"నేనే సార్."

"అన్ని అక్షరాలూ చూశావా?"

అబద్ధమాడి బతికే ఉద్యోగం అతనిది. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం అబద్ధం నోటికి రాలేదు.

"మొదటి నాలుగు, చివరి నాలుగు. అందరం అంతే చూస్తాం సార్. సరిపోతే సరిపోయినట్టే. ట్రైనింగ్‌లో అలాగే చెప్పారు."

"పది మంది చేరిన చోట పాము చావదని ఊరికే అనలేదు. కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు చూసే ఉంటారని అందరూ అనుకుంటారు." పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎనిమిది అక్షరాలు కలిసేదాకా దొంగ ఫైలుని మార్చి మార్చి చూసుకుని ఉంటారు. ట్రైనింగ్ ఇచ్చిందెవరు?"

"ముత్యం."

"కాపీ తెచ్చి సర్వర్లో పెట్టింది?"

"ముత్యమే సార్."

ముత్యం డిపార్ట్‌మెంట్‌కి గర్వకారణం. 'ఏడో అంతస్తు' అని పిలిచే విదేశీ ముఠాలో నాలుగేళ్లుగా దూరి ఉన్న డబుల్ ఏజెంటు. చెవులకి ఎప్పుడూ ముత్యాలే. ఆమె గదిలోకి వస్తే మగవాళ్లు షర్టు కాలరు సర్దుకుంటారు, ఆడవాళ్లు ఆమెని రెండోసారి చూస్తారు. వాళ్ల దగ్గర మన మనిషి అనుకున్నారు. మన దగ్గర వాళ్ల మనిషేమోనని ఎవరికీ తట్టలేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీకు రెండు గంటలు కూడా లేవు" అన్నాడు పెద్దాయన. "పన్నెండు దాకా ఏజెంట్లతో మనకి మాట పలుకు లేదు. పన్నెండుకి సర్వర్ పది నిమిషాలు తెరుచుకుంటుంది, వాళ్లు ఫైలు దించుకుంటారు. కరెంటు పీకేసినా లాభం లేదు, రెండో మెషీన్ అదే ఫైలు ఇస్తుంది. వాళ్లు కాపీని సరిచూసుకునే వేలిముద్ర పేజీలో అక్షరం మార్చాలన్నా రెండు పాస్‌వర్డ్‌లు కావాలి. ఒకటి నీది."

"రెండోది ఆమెది."

"సర్వర్ లాండ్రీ పైగదిలో ఉంది, ఆమె అక్కడే ఉంటుంది. మనవాళ్లని వెనకాల పంపిస్తా. ముందు నువ్వు వెళ్లు." తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచాడు. "పదిహేడో నంబరు నీ చెల్లెలు కదూ?"

"అవును సార్" అన్నాడు నత్త. చెల్లెలి పేరు మీద తన చేత్తోనే సంతకం పెట్టినట్టు అనిపించింది.

* * *

పదకొండు నలభైకి లాండ్రీ వెనక మెట్ల మీద ఖాకీ చొక్కా, అతికించిన మీసం, భుజాన తడి దుప్పట్ల మూటతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కింద మెషీన్ల అదురుకి మెట్లు వణుకుతున్నాయి.

తలుపు వెనక నుంచి ఆడగొంతు. "దుప్పట్లు ఎన్ని?"

"లెక్కపెట్టలేదమ్మగారూ. తెల్లవన్నీ తెచ్చాను."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. మొదట కనిపించింది పిస్టల్, తర్వాత ముత్యాలు.

"మీసం నీకు బాగోలేదు నత్తా" అంది ముత్యం. "లోపలికి రా. నీకోసమే చూస్తున్నా."

చిన్న గది. బల్ల, సర్వర్, మానిటర్, గోడ గడియారం. పదకొండు నలభై నాలుగు.

"మాస్టార్ని ఎందుకు చంపించావ్?"

"ఆయన స్కేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివే రకం. అలాంటివాడు ఇంకొకడు మీ డిపార్ట్‌మెంట్‌లో లేడు." ఆమె మొహంలో గెలిచినవాళ్ల వెలుగేమీ లేదు, అలసట ఉంది. "నలభై ఒక్కమందికీ చెప్పాను, ముందు నాలుగు, వెనక నాలుగు చూడండి చాలు అని. మిగతావి ఎందుకు వద్దని ఒక్కరైనా అడిగారా? నువ్వు అడిగావా?"

అడిగి ఉంటే మాస్టారు బతికి ఉండేవారు.

"కూర్చో. నీతో బేరముంది." ఆమె పిస్టల్‌తో కుర్చీ చూపించింది. "పేజీ తెరిచి ఉంది. నా పాస్‌వర్డ్ కొట్టేశా, నీది కొట్టు. పైన వేలిముద్ర, కింద నలభై ఒక్క నంబర్లు. పదిహేడు తీసేయ్. నీ చెల్లెలికి ఫైలు వెళ్లదు, ఆమె బతుకుతుంది."

"మిగతా నలభైమంది?"

"ఆ ఫైలు పంపే వాళ్ల అడ్రసులు సాయంత్రానికి ఏడో అంతస్తుకి చేరతాయి." చెవికున్న ముత్యాన్ని వేలితో తాకింది. "ఇందులో కెమెరా ఉంది. నీ చేత్తో నువ్వే తీసేస్తున్నట్టు రికార్డవుతుంది. రేపట్నుంచి నువ్వు మా మనిషివి. వద్దంటే నీ ఇష్టం. ఎలాగూ సంతకం నీదే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నత్త కుర్చీలో కూలబడ్డాడు. నలభై అన్నది అంకె. పదిహేడు అన్నది మాత్రం అన్నయ్యా అని పిలిచే గొంతు. నిజం చెప్పాలంటే, ఒక నిమిషం పాటు అతను ఆ బేరానికి ఒప్పుకున్నాడు. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. ఆ నిమిషం గురించి తర్వాత విచారణలో ఎవరూ అడగలేదు, అతను ఎవరికీ చెప్పుకోలేదు.

పదకొండు యాభై ఒకటి.

ఒక్క వేలితో పాస్‌వర్డ్ కొట్టాడు. బాణం మీట నొక్కుతూ కిందికి దిగాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

"అబ్బ, త్వరగా కానీ" అంది ముత్యం.

"వేరే వరుస చెరిగిపోకూడదు."

అందులో నటనేమీ లేదు. పదిహేడో వరుస చేరాడు. లిస్టులో నంబరు లేకపోతే దాని అర్థం చెల్లెలికి తెలుసు. గుట్టు బయటపడింది, ఉన్నది ఉన్నట్టు వదిలేసి పారిపో. ఆరేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న దుకాణం ఈ మధ్యాహ్నంతో సరి. మీట నొక్కాడు. వరుస చెరిగిపోయింది.

ముత్యం ఊపిరి వదిలింది. ముంజేతి గడియారం చూసుకుంది. కావలసింది దొరికినవాడు ఇంకెక్కడికీ పోడన్నది ఆమె లెక్క.

నత్త బాణాన్ని పైకి నడిపించాడు. లిస్టు దాటాడు. పేజీ పైన మాస్టారు స్వయంగా అచ్చుకొట్టిన అసలు వేలిముద్ర. మొట్టమొదటి అక్షరం ఏడు. దాన్ని చెరిపి, నాలుగు అంకె కొట్టాడు. సేవ్ మీట నొక్కి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

పదకొండు యాభై తొమ్మిది.

పన్నెండు కొట్టింది. మానిటర్ మీద అంకె పరుగెత్తింది. డౌన్‌లోడ్ ఐదు, పంతొమ్మిది, నలభై. ముత్యం నవ్వింది.

అంతలో మొదటి జవాబు వచ్చింది. మూడో నంబరు: తేడా. మూత మూశాను.

తర్వాత ఎనిమిది. తర్వాత ముప్పై. తేడా. తేడా. తేడా వస్తే ప్రశ్నలొద్దు, మూత మూసి లేచి వెళ్లిపోండని వాళ్లకి నేర్పింది కూడా ముత్యమే.

"ఏం చేశావ్?" ఆమె మానిటర్ మీదికి వంగింది. పై నుంచి కింద దాకా వెతికి, మళ్లీ పైకి వచ్చింది. మొదటి అక్షరం చూసింది. మొహం పాలిపోయింది. పాస్‌వర్డ్‌లు రెండూ ఇంకా తెరిచే ఉన్నాయి. అక్షరం సరిచేయడానికి ఎడమ చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

ఆ క్షణానికే నత్త మూటని లాగి ఆమె మీదికి విసిరాడు. తడి దుప్పట్ల బరువు తక్కువేమీ కాదు. పిస్టల్ పేలింది. అతని ఎడమ భుజం మండిపోయింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. డిపార్ట్‌మెంట్ మనుషులు తలుపు విరగ్గొట్టుకుని వచ్చేసరికి ముత్యం చేతులు దుప్పటిలో ముడిపడి ఉన్నాయి. నత్త మాత్రం ఆమెకేసి చూడట్లేదు. మానిటర్ చూస్తున్నాడు.

ముప్పై తొమ్మిది జవాబులు వచ్చాయి. తొమ్మిదో నంబరు, గడియారాలు బాగుచేసేవాడు, ఇంకా పలకలేదు.

పన్నెండు ఎనిమిది. చూడకుండానే ఇన్‌స్టాల్ చేస్తున్నాడేమో. ఒక్క మెషీన్ లొంగినా మిగతా వాళ్ల ఆచూకీ దొరుకుతుంది. భుజం నుంచి రక్తం బల్ల మీద పడుతోంది. ఎవరో కట్టు కడతామంటే తోసేశాడు.

పన్నెండు తొమ్మిది దాటి యాభై ఆరు సెకన్లు.

తొమ్మిదో నంబరు: తేడా. రెండుసార్లు చూశాను. మూత మూశాను.

సర్వర్ మూసుకుంది. నత్త గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఆపమని ఎవరూ అనలేదు.

* * *

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం చెల్లెలు అతని గదిలో బల్ల ముందు కూర్చుంది. ఒక బ్యాగు, తొమ్మిదేళ్ల నాటి లాప్‌టాప్. ఆరేళ్ల బతుకులో మిగిలినవి ఆ రెండే.

"కుట్టు మెషీను కూడా వదిలేసి వచ్చా అన్నయ్యా. నాకు ఒక్క మాట చెప్పే దారి లేకపోయిందా?"

"లేదమ్మా."

"మాస్టారికి నీతో చెప్పే దారి ఉందిగా. స్కేలు తీసుకుని చూడమని నీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారు?"

విచారణలో తప్పు ఒప్పుకున్నందుకు అతన్ని ఫీల్డ్ నుంచి తీసేసి, రిపేరు షాపులో మాస్టారి కుర్చీలో కూర్చోబెట్టారు. అది శిక్షో గౌరవమో పెద్దాయన చెప్పలేదు.

చెల్లెలు కోపంగా లాప్‌టాప్ అతని ముందుకి తోసింది. "సరే, దీంట్లో ఏది పెట్టమంటావ్?"

"తాబేలు. అసలుది." కాపీ దించుకుని, దాని వేలిముద్ర తెరిచాడు. ప్రకటించిన ముద్ర కాగితం మీద ఉంది.

ఆమె చటుక్కున రెండు చివరలూ చూసింది. "ముందు నాలుగూ సరిపోయాయి, వెనక నాలుగూ సరిపోయాయి. కానీయ్."

నత్త సొరుగులోంచి మాస్టారి స్కేలు తీసి కాగితం మీద ఆనించాడు. "మధ్యలో యాభై ఆరు ఉన్నాయి. నేను చదువుతా, నువ్వు చూడు."

ఒక్కో అక్షరం చదివాడు, స్కేలు జరిపాడు. ముప్పయ్యో అక్షరం దగ్గర అనుమానమొచ్చి మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు.

చెల్లెలు నిట్టూర్చింది. "నత్త అని ఊరికే పెట్టారా నీకు పేరు?"

"ఊరికే పెట్టారమ్మా" అన్నాడతను, స్కేలు మీంచి చూపు ఎత్తకుండా. "ఆ పేరు ఇప్పుడిప్పుడే సంపాదించుకుంటున్నా."