పడని గుండు

దుబాయ్ దాపున, ఉమ్ అల్ క్వైన్ ఊరి బయట కఫీల్ సైఫ్ గారి ఖర్జూర తోటకు రాజలింగం కాపలా మనిషి. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని; పనివాళ్ళ పాస్‌పోర్టులు ఆయన దగ్గరే ఉంటాయి. డెబ్బై తొమ్మిదిలో, కఫీల్ కొడుకు పెళ్ళి నాటి సాయంత్రం, గుడిసె ముందు చాప పరుచుకుని కఫీల్ తాతల నాటి తుపాకిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి గాలి దుమారం. ఆకాశం పసుపు పచ్చగా ఉంది. తోటలో ఏదో మాడిన వాసన. రాజలింగానికి కూర్చున్నచోట కుదురు లేదు.

"ఆ ఇసుక దిబ్బ ముందున్న డబ్బాకు గురిపెట్టి కొట్టు. పాస్‌పోర్టు తీసుకుని రేపే ఇంటికి పో" అన్నాడు కఫీల్. పెళ్ళివారి ముందు తాత తుపాకి పేలాలని ఆయన ముచ్చట. దాన్ని నింపడం తెలిసినవాడు తోట మొత్తానికి రాజలింగం ఒక్కడే. జగిత్యాల పక్క పల్లెలో వాళ్ళ నాయన నాటు తుపాకితో అడవిపందులను కొట్టేవాడు మరి. రాజలింగం దుబాయ్ వచ్చాక పుట్టిన బిడ్డ చంద్రవ్వ, మొన్న ఇంటి నుంచి ఉత్తరానికి బదులు వచ్చిన క్యాసెట్లో "బాపూ, ఎప్పుడొస్తవ్?" అని అడిగింది. అప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

వంటవాడు హయాత్ బాషా కడప మనిషి. గుండు కింది గుడ్డను తడిపే మేక కొవ్వు గిన్నె తెచ్చి పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"వద్దన్నా..." అన్నాడు గుసగుసగా. "నీకంటే ముందు ఈడ అబ్దుల్ రహీం అని నెల్లూరాయన ఉండె. పండగ పూట ఇట్లే కాల్చినాడు. గుండు కింద పెట్టేదానికి గుడ్డ దొరక్క తన చొక్కా అంచే చించినాడు. గుండు డబ్బాకు తగల్లా. ఎంత ఎదికినా యాడ పడిందో తెలీలా. నెల తిరక్కముందే, మంచంలో పండుకున్నోడు పండుకున్నట్టే పాయ. ఎదలో గుండు ఉండాది. మోత ఇన్నోళ్ళు ఒగరూ లేరు."

రాజలింగానికి ఈ మాట కొత్త కాదు. నాయన చెప్పిందీ అదే. గుండు కింద పెట్టే గుడ్డ కొత్త తానులోది కావాలి. ఎవరి ఒంటి మీది బట్ట చించితే గుండు వాళ్ళను వెతుక్కుంటూ పోతుంది.

"అందుకే గద భాయ్, కొత్త గుడ్డ తెచ్చిన" అంటూ కోరా గుడ్డను రూపాయి బిళ్ళంత గుండ్రంగా కత్తిరించి కొవ్వు గిన్నెలో వేశాడు.

కడ్డీని తుపాకి గొట్టంలోకి వదిలాడు. అడుగున ఇనుముకు తగిలి టక్కుమంది. ఖాళీయే. పేలుడు మందు కొలిచి పోశాడు. అంతలో దుమారం చాప మీదికి విరుచుకుపడింది. కళ్ళు మూసుకునే గిన్నెలో చేయి పెట్టాడు. జిడ్డు గుడ్డ వేళ్ళకు తగిలింది. దాన్ని గొట్టం మూతి మీద పరిచి, పైన సీసపు గుండు పెట్టి, బొటనవేలితో నొక్కి, కడ్డీతో అడుగుదాకా దట్టించాడు. లోపలి మెలికల గీతలను పట్టుకుంటూ గుడ్డ బిగువుగా దిగింది.

గాలి తగ్గింది. కళ్ళు తెరిచాడు.

కోరా గుడ్డ చాప మీద ఉంది. పొడిగా. చుక్క కొవ్వు అంటలేదు.

మరి లోపలికి పోయింది ఏ గుడ్డ...?

గబగబా తన చొక్కా తడుముకున్నాడు. అంచులు, చేతులు, జేబు... ఎక్కడా చిరుగు లేదు. బాషా కూడా తన లుంగీ చూసుకున్నాడు. ఏమీ లేదు.

"తీసెయ్ అన్నా. గుండు బయటికి లాగెయ్."

"యల్లా రఫీక్!" త్వరగా కానిమ్మని కఫీల్ కేక. ఆయన చేతిలో పాస్‌పోర్టు ఆడుతోంది.

తీసెయ్యాలని రాజలింగానికీ తెలుసు. నాయనైతే తీసేవాడు. కానీ ఆ నల్ల అట్ట కనిపించాక చేతులు మాట వినలేదు. నా బట్టయితే కాదు గదా అనుకున్నాడు.

పేల్చాడు.

తోట అదిరింది. పొగ విడిపోయాక చూస్తే డబ్బా కదల్లేదు. వెనకున్న ఇసుక దిబ్బ మీద చిన్న గుంట కూడా పడలేదు. పెళ్ళివారు మాత్రం సంబరంగా ఈలలు వేశారు. కఫీల్ నవ్వి, "ఖలాస్, ఇక అయిపోయింది" అంటూ పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు.

కొద్ది దూరంలో ఇసుక మీద గుడ్డ బిళ్ళ పొగలు కక్కుతూ పడి ఉంది. పేలాక రాలిన గుడ్డను ఏరి చూడడం నాయన అలవాటు. రాజలింగం చెయ్యి కూడా అలవాటుగా దాన్ని తీసింది. అంచులు మాడిపోయినా మధ్యలో రంగు మిగిలింది. ఆకుపచ్చ గుడ్డ. మీద చిన్న తెల్ల పువ్వు.

ఎక్కడో చూసిన పువ్వు...

గుడిసెలోకి పరుగెత్తాడు. బాషా లాంతరు పట్టుకుని వెంట వచ్చాడు. మంచం కింది పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. తెరిచాడు. షార్జా బజారులో బిడ్డకు కొన్న గౌను ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. గుండుసూదులు కూడా తీయలేదు. కవరు చించి విప్పాడు.

ఎద దగ్గర రూపాయి బిళ్ళంత రంధ్రం. గుండ్రంగా కత్తిరించినట్టు.

రాజలింగం ఆ రంధ్రం మీద చెయ్యి కప్పాడు. "తొడుక్కోలేదు గద భాయ్" అన్నాడు. "నా బిడ్డ ఇంకా దీన్ని తొడుక్కోనే లేదు. కొత్తది. ఎవ్వల ఒంటి మీదిదీ కాదు..."

బాషా లాంతరు గౌను మెడ దగ్గరికి జరిపాడు.

మెడ పట్టీ నలిగి ఉంది. చెమటకు తడిసి ఉంది... ఇంకా వెచ్చగా. దాని అంచున, చిట్టి వేలితో తుడిచినట్టు, కాటుక మరక.