వేరొకరు వాడుతున్నారు

ఆ ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ అతను ‘నెట్‌వర్క్’. “నెట్‌వర్కూ, మా ప్రింటర్ మొండికేసింది, ఓసారి చూసిపో” అనేది రిసెప్షన్‌లో అమ్మాయి. “నెట్‌వర్క్ కనబడితే పైకి పంపండి” అనేవారు డాక్టర్లు. కంప్యూటర్ మొరాయించినా, దాని ముందున్న కుర్చీ చక్రం ఊడినా కబురు అతనికే. అతనూ నవ్వి ఊరుకునేవాడు. భార్య పోయాక నవ్వడం మానేశాడు గానీ ఊరుకోవడం మాత్రం మానలేదు.

ఆమె పోయింది కూడా ఆ ఆసుపత్రిలోనే, పై అంతస్తులో. అప్పుడామెకి ఐదో నెల. ఉన్నట్టుండి బీపీ పెరిగింది, ఫిట్స్ వచ్చాయి. తెల్లారేసరికి తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు. బిడ్డ కడుపులో ఉండగానే పూడ్చిపెట్టారు. కూతురికి సాయంగా ఉందామని వచ్చిన అత్తగారు ఆ తర్వాత కూడా ఉండిపోయింది. ఆవిడకి వేరే దిక్కు లేదు, అతనికీ లేదు. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరు వండితే ఒకరు తింటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా రెండు నెలలు గడిపారు.

అప్పుడే ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ మార్చారు. కొత్తవాటిలో ఆపరేటింగ్ సిస్టం కూడా కొత్తది. చిక్కు అక్కడే వచ్చింది. స్కానింగ్ బొమ్మలు దాచే సర్వర్ పాతది. దాని సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది పలకరించే పద్ధతి పాత పద్ధతి, భద్రత లేనిది. కొత్త సిస్టాలు దాని గొంతు వినగానే తలుపేసుకునేవి. ఒకే తీగకి అటొకటి ఇటొకటి ఉండి, మాటల్లేని తోడికోడళ్లలా తయారయ్యాయి.

“నెలాఖరుకల్లా బొమ్మలన్నీ కొత్త సర్వర్‌లోకి ఎక్కించెయ్. ఆ పాతదాన్ని కట్టేసి తుక్కుకి పంపుదాం” అన్నాడు మేనేజరు.

పాతదానితోనూ కొత్తవాటితోనూ మాట్లాడే పాత కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. దాన్ని కిందికి, భూగృహంలో ఉన్న సర్వర్ గదికి మోసుకెళ్లాడు అతను. ఆ గదికి కిటికీ లేదు. పగలు ఎంతో రాత్రీ అంతే. చెమ్మ పట్టిన సున్నం వాసన, వేడెక్కిన దుమ్ము వాసన కలిసి గొంతులో పట్టుకునేవి. సర్వర్ ఫాన్ల హోరులో మనిషి తన ఊపిరి తాను వినలేడు. దుఃఖంలో ఉన్నవాడికి అది ఒక రకంగా హాయి. రోజూ అక్కడే కూర్చుని కాపీ అవుతున్న ఫైళ్లని చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు కాపీ ఆగిపోయింది.

‘ఈ ఫైలును వేరొకరు వాడుతున్నారు’ అని తెర మీద పడింది.

మామూలే. పైన ఎవరో తెరిచి మూయడం మరిచిపోయి ఉంటారు అనుకున్నాడు. మర్నాడు మళ్లీ అక్కడే, అదే ఫోల్డర్ దగ్గర ఆగింది. ఎవరు పట్టుకున్నారో వెతికాడు. స్కానింగ్ రెండో గదిలోని మిషన్ అని చూపించింది సర్వర్. అతను స్కానింగ్ అక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది.

“రెండో గదా? అక్కడేముంది తమ్ముడూ, మంచినీళ్ల డబ్బాలు పెట్టుకుంటున్నాం. పాత మిషన్ తుక్కుకి పోయిందిగా” అంది.

ఫోల్డర్ మీద నంబరు తప్ప పేరుండదు. తెరిచి చూశాడు. లోపల అతని భార్య పేరు ఉంది.

ఆ బొమ్మలన్నీ అతనికి కంఠతా వచ్చు. మొదటిది చిక్కుడు గింజంత. తర్వాతది బొటనవేలంత. చివరిది ఐదో నెలది, పక్కకి తిరిగి పడుకున్న మొహం. ఆ ముక్కు ఎవరిదని ఇంట్లో ఎంత పోట్లాట అయిందో.

దాని తర్వాత ఇంకొకటి ఉంది.

తేదీ నిన్నటిది.

బిడ్డ పెద్దదైంది. బుగ్గలు వచ్చాయి. ముక్కు అదే.

స్కానింగ్ అక్కని కిందికి పిలిచాడు. సంగతేమీ చెప్పలేదు. పైనున్న పేరు కనబడకుండా బొమ్మని తెర అంచు దాటేలా పైకి జరిపి చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది.

“ఏడో నెల. చక్కగా ఉంది బిడ్డ. ఎవరిదిది?” అంది. తర్వాత తెర దగ్గరికి వంగింది. ఎడమ పక్కన బొమ్మని కోసినట్టున్న సన్నటి నల్ల గీత మీద వేలు పెట్టింది. “ఇది పాత మిషన్ గీత తమ్ముడూ. దానికొక దెబ్బ తగిలింది. అప్పట్నించీ ప్రతి బొమ్మలోనూ ఈ గీత పడేది. ఆ మిషన్‌ని నేనే దగ్గరుండి లారీ ఎక్కించాను.”

ఆవిడ అతని మొహం చూసింది, పైకి జరిపిన బొమ్మని చూసింది. ఇంకేం అడగలేదు. వెళుతూ వెళుతూ భుజం మీద చెయ్యి వేసింది. మళ్లీ ఆ గదికి ఆవిడ రాలేదు.

ఆ రోజు నుంచి అతనికి బతుకు మీద ఆశ పుట్టింది. అది తప్పని తెలియక కాదు. వారానికో బొమ్మ వచ్చేది. బిడ్డ ఆవలించింది. బిడ్డ బొటనవేలు నోట్లో పెట్టుకుంది. మిగతా ఫోల్డర్లన్నీ కొత్త సర్వర్‌లోకి ఎక్కిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. నెలాఖరు వచ్చింది, పోయింది. మేనేజరు అడిగినప్పుడల్లా “రెండు సిస్టాలకీ పొసగట్లేదు సార్, ఇంకొన్నాళ్లు పడుతుంది” అని నెట్టుకొచ్చాడు. నిజానికి ఆ సర్వర్ కరెంటు ఒక్క క్షణం కూడా పోకూడదని రెండో బ్యాటరీ తెచ్చి తగిలించాడు.

ఇంట్లో అత్తగారు కనిపెట్టింది. అతను అడిగి మరీ వడ్డించుకుంటున్నాడు. స్నానాల గదిలో ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

“బాబూ, ఎవరైనా నచ్చితే నాతో చెప్పు. నేనేమీ అనుకోను” అంది ఒకరోజు, తల వంచుకుని.

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. “అదేం కాదు అత్తయ్యా. మీరొకసారి నాతో రావాలి” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లాడు. సెలవు రోజు, మెట్ల దగ్గర మనుషులెవరూ లేరు. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కుర్చీలో కూర్చోబెట్టి, బొమ్మలు ఒక్కొక్కటే చూపించాడు. ఐదో నెల దాటి ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆవిడ అడ్డు చెప్పలేదు, కంగారు పడలేదు. తెర మీద చెయ్యి పెట్టి బుగ్గ నిమిరింది.

“గుండె చప్పుడు కూడా ఉంది. వింటారా?” అన్నాడు.

చిన్న స్పీకరు లోంచి చప్పుడు వచ్చింది. గుర్రం పిల్ల దూరంగా పరిగెడుతున్నట్టు, టకటకా టకటకా. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

“ఇంకోసారి పెట్టు.”

పెట్టాడు.

“ఇంకోసారి.”

మూడోసారి విన్నాక కళ్లు తెరిచింది. గొంతు తగ్గించి అంది. “బాబూ... దీని కింద ఇంకో చప్పుడుండాలి.”

“ఏం చప్పుడు?”

“తల్లిది.”

అతనికి అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఐదో నెలలో భార్యా తనూ కలిసి విన్నప్పుడు ఆ పరుగు కింద నెమ్మదిగా ఇంకొకటి మోగేది. ‘అది అమ్మది’ అని స్కానింగ్ అక్క చెబితే భార్య సిగ్గుపడి నవ్వింది. పాతది తీసి పెట్టాడు. టకటకా... దాని కింద ధన్... ధన్... రెండూ ఉన్నాయి. కొత్తది పెట్టాడు. ఒక్కటే. శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. ఆ పరుగు కింద ఏమీ లేదు. మట్టి కప్పినట్టు ఉంది.

అప్పటిదాకా అతను బిడ్డనే చూశాడు. బిడ్డ చుట్టూ ఉన్న చీకటిని ఇప్పుడు చూశాడు. ప్రతి బొమ్మలోనూ అది కొంచెం దగ్గరికి వచ్చింది. ముడుచుకుపోయింది.

ఆవిడ పెదవులు కదిలాయి. “నా పిల్ల లేవలేదు. అక్కడ పడుకునే ఉంది. దీన్నలాగే మోస్తోంది...”

వాళ్లు చూస్తుండగానే ఫోల్డర్‌లో కొత్త బొమ్మ పడింది.

ఇవాళ్టిది.

బిడ్డ తల కిందికి తిరిగింది. కళ్లు తెరిచి ఉంది.

“నెలలు నిండాయి” అంది ఆవిడ.

“పుడుతుంది అత్తయ్యా” అన్నాడు అతను. గొంతులో ఆశో భయమో అతనికే తెలియలేదు.

“ఎక్కడ?”

అతను తెర మీది చీకటి వైపు చూశాడు.

“పుట్టి ఏడుస్తుంది. ఎవరు ఎత్తుకుంటారు బాబూ? ఆ చీకట్లో ఎవరున్నారు దానికి?”

అతని చెయ్యి సర్వర్ స్విచ్ మీదికి వెళ్లింది. నొక్కలేకపోయింది. ఆవిడ లేచి ఆ చేతిని నెమ్మదిగా తీసేసింది. “వద్దు. ఇప్పుడాపితే అటూ కాక ఇటూ కాక నడుమ ఉండిపోతుంది” అంది.

అప్పుడే ఫోన్ మోగింది. పైన అత్యవసర విభాగంలో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయట. ప్రమాదంలో దెబ్బలు తగిలిన మనుషుల్ని అప్పుడే తెచ్చారట, వెంటనే రమ్మన్నారు.

అతను ఆవిడ వంక చూశాడు.

“వెళ్లిరా. ఇలాంటి చోట మగవాళ్లకేం పని. నేను కూర్చుంటా” అంది. ఎన్నో నెలల తర్వాత ఆవిడ మొహంలో చిన్న నవ్వు కనబడింది.

పైకి వెళ్లాడు. కొత్త కంప్యూటర్ ఒకదాని ముందు కూర్చున్నాడు. నెట్‌వర్క్ తెరిచాడు. పాత సర్వర్ పేరు కనిపించింది.

కనిపించకూడదు. ఇన్ని నెలలూ ఎంత బతిమాలినా దానికి తలుపు తియ్యని సిస్టం అది. పక్క కంప్యూటర్ చూశాడు. అందులోనూ ఉంది. ఆ పక్కదానిలోనూ ఉంది. అన్ని తలుపులూ తెరుచుకున్నాయి...

ముందు చిన్నగా వినిపించింది. బల్ల మీది స్పీకరు లోంచి. టకటకా టకటకా. తర్వాత ఎదుటి బల్ల నుంచి. తర్వాత రిసెప్షన్ నుంచి, మందుల గది నుంచి, ఆ వరుసలో ఉన్న ప్రతి యంత్రం నుంచి. “ఏ మానిటర్ అది, ఎవరో చూడండి” అంటోంది ఒక నర్సు. చప్పుడు జోరందుకుంది. అతను పరిగెత్తాడు. ప్రతి గుమ్మం లోంచీ అదే చప్పుడు అతని వెంట వచ్చింది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

అన్ని గదుల్లోనూ ఒక్కసారే ఆగింది.

కింద సర్వర్ ఫాన్లు తిరగడం లేదు. మొదటిసారి ఆ గదిలో అతనికి తన ఊపిరి వినిపించింది. తెర మీద ‘కాపీ పూర్తయింది’ అని ఉంది. తర్వాతెప్పుడో కొత్త సర్వర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి చూశాడు. అందులో ఐదో నెల దాకానే ఉన్నాయి.

అత్తగారు కుర్చీలోనే ఉంది. తల కొంచెం వంచి ఒడిలోకి చూస్తోంది. “అత్తయ్యా” అని పిలిచాడు. ముట్టుకున్నాడు. వేళ్లు చల్లగా తగిలాయి.

డాక్టరు వచ్చి చూశాడు. గుండె ఆగిందన్నాడు, పెద్ద వయసు కదా అన్నాడు. పోయి చాలాసేపై ఉంటుందనీ అన్నాడు. అతను పైకి వెళ్లి ఎంతోసేపు కాలేదని ఎవరికీ చెప్పలేదు. స్ట్రెచర్ మీదికి చేర్చేటప్పుడు నర్సులు చేతులు చాపబోయారు, అవి రాలేదు. ఒకటి కింద, ఒకటి పైన, దేన్నో గుండెలకి అదుముకున్నట్టు అలాగే ఉండిపోయాయి. అతను ఆవిడ తల కింద చెయ్యి వేసి పట్టాడు.

ఎడమ భుజం మీద బట్ట తడిగా తగిలింది. అరచేతిలో సగం కూడా ఉండదు ఆ తడి. పాల వాసన వేసింది. ఒళ్లంతా రాయిలా చల్లబడిపోయింది గానీ, ఆ ఒక్క చోటు మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.