ఎడమ భుజం మీది పూలు

మౌస్ ఎడమకు జరిపితే తెర మీద బాణం గుర్తు కుడికి పోతోంది.

డిజైనర్‌గా ఆ ఇంట్లో పనికి కుదిరిన తొలి ఉదయమే ఆ అమ్మాయికి ఈ తంటా వచ్చి పడింది. మౌస్‌ను తిరగేసి చూసింది, రుమాలుతో తుడిచింది, మళ్లీ పెట్టింది. తాను గీసిన పూలతీగను ఎవరో పట్టుకుని పైకి జరుపుతున్నారు. ఆమె కిందికి దించింది. అది మళ్లీ పైకి ఎక్కింది. ఇక లాభం లేదని ఖాళీ పేజీ ఒకటి తెరిచి 'ఎవరు?' అని టైపు చేసింది.

'నేనేనమ్మా. తీగ మరీ కిందికి ఉంది, సరిచేస్తున్నాను' అన్న జవాబు దానంతటదే తెర మీద పడింది.

'నేను మీ అమ్మను కాను' అని కొట్టింది ఆమె.

మేడ మీద కుర్చీ కిర్రుమంది. కాసేపటికి 'సారీ, ఇక చెయ్యి పెట్టను' అన్న జవాబు పడి, బాణం గుర్తు బుద్ధిగా ఆమె చేతికి వచ్చేసింది.

ఆ ఇంటి కింది వాటాలో ఒకావిడ ఎంబ్రాయిడరీ పని నడుపుతుంది. ముందుగదిలోని కంప్యూటర్‌లో డిజైన్ గీస్తారు, వెనకగదిలోని మెషిన్ దాన్ని గుడ్డ మీద కుడుతుంది. ఆవిడ కొడుకు మేడ మీద తన గదిలో కూర్చుని, ఏదో కంపెనీ కంప్యూటర్ల బాగోగులు చూస్తుంటాడు. ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నిటినీ కలిపింది అతనే. ముందుగదిలో షేర్ ఫోల్డర్‌లో పెట్టిన ఫైలు వెనకగదిలో కనిపిస్తుంది. అంతేకాదు, ముందుగది కంప్యూటర్‌ను అతను పైనుంచే చూడగలడు, నడపగలడు కూడా. అప్పట్లో తల్లికి మణికట్టు నొప్పి వస్తే ఈ ఏర్పాటు చేశాడు. నొప్పి పోయింది, ఏర్పాటు ఉండిపోయింది. ఆవిడ పైకప్పు వైపు చూసి "నాన్నా, ఇది రావట్లేదురా" అంటే చాలు, పని దానంతటదే అయిపోయేది. అతని దృష్టిలో ప్రేమంటే ఇదే. ప్రేమ కాదని మనమూ అనలేం.

డిజైనరమ్మాయి అతనికి 'పైవాడు' అని పేరు పెట్టింది. డిజైన్ బాగుందని ఆవిడ మెచ్చుకుంటే అంతా పైవాడి దయ ఆంటీ అనేది, ఆవిడ కళ్లజోడు జారిపోయేలా నవ్వేది. ఆ నవ్వులు మెట్లెక్కి పైదాకా వెళ్లేవి. పైవాడు ముందు బిగుసుకుపోయాడు. తర్వాత మంచినీళ్లకని కిందికి రావడం మొదలుపెట్టాడు, గదిలో నిండు సీసా పెట్టుకుని. వచ్చినవాడు ఊరికే పోకుండా కేబుల్ ఒకసారి చూసి వెళ్లేవాడు. కేబుల్‌కు ఏ జబ్బూ లేదని ముగ్గురికీ తెలుసు.

పైకి వెళ్లాక కూడా అతను ఆమె గీతలే చూస్తూ కూర్చునేవాడు. ఇక చెయ్యి పెట్టనని మాటిచ్చాడు కాబట్టి చూడటమే. ఒంపు తిప్పే ముందు ఆమె చెయ్యి క్షణం ఆగుతుందని కనిపెట్టాడు. ఆమె గురించి తనకు చాలా తెలుసనుకున్నాడు. గీత తెలిస్తే మనిషి తెలిసినట్టే అనుకోవడం ఆ వయసులో సహజమే.

గౌను మీద పూలు కుట్టివ్వమని ఒక గాయని ఆర్డరిచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఆమె ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. చాలాకాలానికి మళ్లీ వేదిక ఎక్కబోతోంది. జనం పాట వినకుండా భుజం చూస్తారేమోనని ఆమె దిగులు. డిజైనరమ్మాయి టేపుతో కొలతలు తీసుకుని, ఎడమవైపు పూలను కావాలనే కొంచెం ఎత్తులో, కొంచెం గుబురుగా గీసింది. తొడుక్కుంటే రెండు భుజాలూ సమంగా కనిపించాలని. ఫైలు ఫోల్డర్‌లో పెట్టి, దారాలు కొనడానికి బయటికి వెళ్లింది.

పైనుంచి ఆ ఫైలు తెరిచి చూసిన అతను కంగారుపడ్డాడు. రెండు వైపులా పొంతన లేదు. తొందరలో పొరపాటు చేసినట్టుంది, ఇలాగే కుడితే పాపం ఆమెకు మాట వస్తుంది. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చినా, ఆమె కోసమే కదా అని ఎడమవైపు పూలను కుడివైపు వాటితో సమం చేసి, అదే పేరుతో సేవ్ చేశాడు. కింద అతని తల్లి ఆ ఫైలు తీసుకుని మెషిన్ నడిపింది.

దారాలతో తిరిగొచ్చిన అమ్మాయి గుడ్డ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఇంతలో అతనే మెట్లు దిగి వచ్చాడు. పొరపాటును తాను చూసి సరిచేశానని, కొంచెం గర్వంగానే చెప్పాడు. ఆమె గాయని భుజం సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది అతనికి.

"ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది. "మెట్లు దిగడం అంత కష్టమా?"

ఈ ఆర్డర్ పూర్తిచేసి మానేస్తానని ఆవిడతో చెప్పింది. తన చేతి మీద ఇంకో చెయ్యి ఉంటే గీయలేనంది.

అతను తల్లి వైపు తిరిగాడు. "మంచికే కదమ్మా చేశాను."

"నాకు చేసిందీ మంచికే" అంది ఆవిడ. "మా అమ్మకు కంప్యూటర్ రాదని అందరితో చెప్తావు. రాక కాదు నాన్నా, నువ్వు రానివ్వలేదు. బాధపడతావని ఊరుకున్నాను."

అతనికి ఇన్నేళ్లు సాయమనుకుని తాను తీసేసుకుంటూ వచ్చిందేమిటో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. అతను ముందుగది గుమ్మంలో నిలబడి, కంప్యూటర్ ముందు కూర్చోవచ్చా అని అడిగాడు. పైనుంచి నడిపే ఏర్పాటు మొత్తం తీసేశాడు. షేర్ ఫోల్డర్ ఉంచాడు కానీ, పైనుంచి ఎవరూ అందులో ఏదీ మార్చడానికి వీల్లేకుండా చేశాడు. కొత్త పాస్‌వర్డ్ తల్లినే పెట్టమని, ఆవిడ టైపు చేస్తున్నంతసేపూ కిటికీలోంచి వాన చూశాడు.

డిజైనరమ్మాయి కుట్లు విప్పుతోంది. తానూ విప్పవచ్చా అని అడిగాడు. గుడ్డ తెగకుండా దారం ఎలా లేపాలో ఆమె చూపించింది. చెరో అంచునా కూర్చుని విప్పుతూ మాట్లాడుకున్నారు. తన ఉద్యోగంలో ఎవరూ చూడకముందే తప్పు సరిచేస్తే మెచ్చుకుంటారని, ఆ అలవాటే ఇంట్లోకీ వచ్చిందని అతను చెప్పాడు. చిన్నప్పుడు తన బొమ్మలన్నీ అక్క దిద్దేదని, బహుమతి వచ్చిన బొమ్మ తనది కాదనిపించి ఏడ్చానని ఆమె చెప్పింది. వాన తగ్గేసరికి ఇద్దరి ఒళ్లోనూ దారప్పోగులే.

అసలు డిజైన్ మళ్లీ కుట్టారు. గాయని గౌను తొడుక్కుని అద్దంలో ముందు ఎడమ భుజం చూసుకుంది. తర్వాత ఆ ఊసే ఎత్తకుండా, చేతులు ఇంకొంచెం పొడవు పెంచగలరా అని అడిగింది.

ఆమె వెళ్లాక అమ్మాయి సంచి సర్దుకుంటుంటే అతను ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మీరు వెళ్లకుండా ఉంటారా?"

"పని గురించి మీ అమ్మగారు పొద్దున్నే అడిగారు. ఉంటానన్నాను."

"పని సంగతి మీదీ అమ్మదీ. నేను నా గురించి అడుగుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. మీ మనసులో ఏముందో నాకు తెలియదు. తెలుసనుకోవడం మానేశాను. ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పండి."

అని నిజంగానే మెట్ల వైపు తిరిగాడు. ఆమెకు అప్పుడు నమ్మకం కలిగింది.

"ఆగండి" అంది. "నాకూ ఇష్టమే. కానీ మా నాన్న ఉన్నారు, ఆయన్ని అడగాలి. కొంచెం కోపిష్టి."

"అడుగుతాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

వెనకగదిలో మెషిన్ చప్పుడు ఆగింది.

"అందర్నీ అడుగుతారు గానీ, నన్నెవరూ అడగరేం?" అంది ఆవిడ లోపల్నుంచి.

ఇద్దరూ లోపలికి వెళ్లి అడిగారు. ఆవిడ సరేనంది, తర్వాత కళ్లజోడు తీసి కొంచెం ఏడ్చింది.